వినికిడి తగ్గిన సంగతి ముందు తెలిసేది ఇంట్లోవాళ్లకే

(ప్రపంచ వినికిడి దినోత్సవం సందర్భంగా సారపాకలో మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డీఏ బకాయిల గురించో, జీవన ప్రమాణ పత్రం గురించో మాట్లాడమంటే నాకు సులువుగా ఉండేది. ఈసారి కార్యదర్శిగారు చెవుల గురించి మాట్లాడమన్నారు. కారణం ఏమిటంటే మన సభ్యులలో రెండు చెవులకూ యంత్రాలు పెట్టుకుని బహిరంగంగా తిరిగేది నేనొక్కణ్నేనట. పెట్టుకోవలసినవారు ఇంకా చాలామంది ఉన్నారు. ఇక్కడ నుంచి చూస్తుంటే వెనుక వరుసల్లో చేయి చెవి దగ్గర పెట్టుకున్నవారు నలుగురైదుగురు కనపడుతున్నారు. దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నేను డాక్టరును కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే దిగిపోయినవాణ్ని. కాబట్టి నా మాటల్లో వైద్యం ఉండదు. గుర్తుపట్టడం వరకే చెబుతాను. మందు ఇవ్వడం డాక్టరు పని, పరీక్ష చేయడం ఆడియాలజిస్టు పని. గుర్తుపట్టే పని మాత్రం వాళ్లది కాదు, మనది. వాళ్లు మన ఇంట్లో మనతో కలిసి కూర్చుని భోజనం చేయరు గదా.

మార్చి 3వ తేదీని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు వినికిడి దినంగా పెట్టారు. మూడో నెల, మూడో తేదీ. రెండు 3 అంకెలు పక్కపక్కన పెడితే రెండు చెవుల ఆకారం వస్తుందని ఆ తేదీ ఎంచుకున్నారట. ఆ సంస్థవారే 2021లో వినికిడిపై ఒక పెద్ద నివేదిక ఇచ్చారు. 2050 నాటికి ప్రపంచంలో సుమారు 250 కోట్ల మందికి, అంటే నలుగురిలో ఒకరికి, ఏదో ఒక మేరకు వినికిడి తగ్గుతుందని అందులో ఉంది. నలుగురిలో ఒకరంటే మన సమావేశాల్లో ప్రతి బెంచీకి ఒకరన్నమాట. మన వయస్సుకి ఆ లెక్క ఇంకా ఎక్కువే.

ఇక విషయానికి వస్తాను. కన్ను మసకబారితే ఆ మనిషికే ముందు తెలుస్తుంది. పేపర్లో అక్షరం అలుక్కుపోతుంది, సూదిలోకి దారం ఎక్కదు. చెవి సంగతి అలా కాదు. రాని శబ్దం రాలేదని ఎవరికి తెలుస్తుంది? మన ఆఫీసు భాషలో చెబుతాను. టపాలో వచ్చిన కాగితం ఇన్‌వార్డు రిజిస్టరులో ఎక్కితే అది పెండింగులో ఉన్నదని తెలుస్తుంది. అసలు ఇన్‌వార్డులోనే ఎక్కకుండా దారిలో పడిపోయిన కాగితం పెండింగులో కూడా కనపడదు. పై అధికారి అడిగితే గుమాస్తా ధైర్యంగా "మా సెక్షన్లో బకాయి ఏమీ లేదండీ" అంటాడు. అతను అబద్ధం ఆడటం లేదు. చెముడు వచ్చిన మనిషి "నాకు బాగానే వినపడుతుంది" అనేది సరిగ్గా ఇలాగే. కాగితం పంపించినవాడే వచ్చి, "అయ్యా, నేను పంపి నెలరోజులైంది, జవాబు లేదేమి?" అని అడగాలి. ఆ పంపించినవాళ్లు ఇంట్లోవాళ్లు.

మా ఇంట్లోనూ అంతే జరిగింది. ముందు గుర్తుపట్టింది మా ఇంటావిడ. వంటింట్లోంచి పిలిస్తే పలకడం లేదనీ, ఎదురుగా నిలబడి అడిగితే మాత్రం జవాబు చెబుతున్నాననీ రెండు వారాలు గమనించి చెప్పింది. ఆ వారమే వెళ్లి పరీక్ష చేయించుకున్నాను. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. నొప్పి లేదు, సూది లేదు, అరగంట పని. తరువాత ఒక గ్రాఫు ఇస్తారు. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. నా గ్రాఫు ఎడమ నుంచి కుడికి మన భద్రాచలం రేవు మెట్లలాగా కిందికి దిగుతూ పోయింది. లావు శబ్దాలు బాగానే వినపడుతున్నాయి, సన్నని శబ్దాలు దిగువకు జారాయి. వయస్సుతో వచ్చే చెముడు ఎక్కువగా ఈ పద్ధతిలోనే ఉంటుందని అక్కడి అమ్మాయి వివరంగా చెప్పింది.

పెద్దవాళ్ల సంగతికి మళ్లీ వస్తాను. ముందు పసిపిల్లల గురించి చెప్పాలి. ఎందుకంటే మనం నెల రోజులు ఆగితే పోయేది నెల రోజులే. పసివాడి విషయంలో నెల రోజులంటే అంత తక్కువ లెక్క కాదు. మాట నేర్చుకునే పని మెదడు మొదటి రెండు మూడేళ్లలోనే ఎక్కువగా చేసుకుంటుంది. ఆ సమయంలో చెవి నుంచి కాగితాలు రాకపోతే మెదడులో ఆ సెక్షనే ఏర్పడదు. తరువాత ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా పని కష్టం. అందుకే పుట్టిన నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు యంత్రమో మరో సహాయమో మొదలుకావాలని వైద్యులు ఒక లెక్క పెట్టుకున్నారు.

పుట్టే ప్రతి వేయిమంది పిల్లల్లో ఒకరిద్దరికి గట్టి వినికిడి లోపం ఉంటుంది. అటువంటి పిల్లవాడు అందరిలాగే ఏడుస్తాడు, నవ్వుతాడు, ఆడతాడు. మొదటి నాలుగైదు నెలలు అందరిలాగే ఊ కొడతాడు కూడా. ఇక్కడే ఇంటిల్లిపాదీ మోసపోయేది. తేడా ఆరేడు నెలల దగ్గర బయటపడుతుంది. వినపడే పిల్లవాడి కూతలు రానురాను "తాతాతా, బాబాబా" అని మాటల వైపు నడుస్తాయి. వినపడని పిల్లవాడి కూతలు పెరగవు, ఒక్కోసారి తగ్గిపోతాయి.

నెలల పిల్లకు తలుపు ధడాలున పడితే ఉలికిపాటు రావాలి. మూడు నాలుగు నెలలకు తల్లి గొంతు వింటే ఏడుపు తగ్గాలి. ఆరు నెలలకు శబ్దం వచ్చిన వైపు తల తిప్పాలి. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే చూడాలి, ఒకటో రెండో మాటలు రావాలి. ఏడాదిన్నరకు చేత్తో సైగ చేయకుండా "ముక్కేదీ?" అని నోటితో అడిగితే చూపించాలి. రెండేళ్లకు "అమ్మ పాలు", "తాత రా" వంటి రెండు మాటల ముక్కలు రావాలి. ఇవి ఒక వారం అటూ ఇటూ అయితే కంగారు పడనక్కరలేదు. నెలలు గడుస్తున్నా రాకపోతే ఇంట్లో చర్చలు పెట్టకుండా పరీక్షకు తీసుకువెళ్లాలి.

"పళ్లెం మోగించి చూశామండీ, తిరిగి చూశాడు" అని చాలామంది అంటారు. పళ్లెం పరీక్షను నమ్మవద్దు. నేలమీద పళ్లెం కొడితే నేల అదిరి ఆ అదురు కూర్చున్న పిల్లవాడికి తగులుతుంది. చప్పట్లు కొడితే గాలి తగులుతుంది. గోడమీద నీడ కదులుతుంది. పైగా సగం వినపడే పిల్లవాడు పళ్లేనికి తిరుగుతాడు, మాటలో "స", "శ", "త" వంటి సన్నని అక్షరాలు మాత్రం వాడికి చేరవు. పళ్లెం విన్నాడు గదా అని మనం రెండేళ్లు నిశ్చింతగా ఉంటాం. పసిపిల్లలకు ఓఏఈ అనీ, బేరా అనీ పరీక్షలున్నాయి. పిల్లవాడు నిద్రపోతుండగానే చేస్తారు, వాడు జవాబు చెప్పనక్కరలేదు.

మా వీధిలో ఒక కుటుంబం ఉంది, పేరు చెప్పను. ఆ ఇంట్లో చిన్నపాపకు వినపడటం లేదని కనిపెట్టింది నానమ్మ. ఆవిడ ఏమీ చదువుకోలేదు. ఎండాకాలం, గాలివాన వచ్చినప్పుడల్లా కరెంటు పోయేది. వెలుతురు ఉన్నంతసేపూ ఆ పాప చక్కగా ఆడుకునేది, మొహాలు చూసి నవ్వేది, చేయి ఊపితే చేయి ఊపేది. కరెంటు పోగానే కెవ్వున ఏడుపు. చీకటికి ఏ పిల్లయినా ఏడుస్తుంది. కానీ "ఇక్కడే ఉన్నా బుజ్జీ, వస్తున్నా" అని గొంతు వినిపిస్తే కాస్త నెమ్మదిస్తుంది. ఈ పాప నెమ్మదించేది కాదు. చేయి వేసి ముట్టుకున్న తరువాతే ఏడుపు ఆపేది. మూడు నాలుగుసార్లు ఇలా జరిగేసరికి నానమ్మ కొడుకుతో అన్నదట: "చీకట్లో నా గొంతు దానికి పనికిరావడం లేదురా." అప్పటికి పాపకు పద్నాలుగు నెలలు. ఇంట్లో మిగిలినవాళ్లు "వాళ్ల నాన్నకు మూడేళ్లకు గాని మాటలు రాలేదు, ఆగుదాం" అన్నారు. ఆవిడ ఆగలేదు. అంగన్‌వాడీ టీచరును పట్టుకుంది. తరువాత హైదరాబాదు తీసుకువెళ్లి పరీక్ష చేయిస్తే రెండు చెవులకూ తీవ్రమైన లోపం అని తేలింది. ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషను జరిగింది. ఆపరేషనుతో కథ అయిపోలేదు. మాట నేర్పే శిక్షణకు తల్లి ఏళ్ల తరబడి తిరిగింది, కూలిపని మానుకుని తిరిగింది. పాప ఇప్పుడు బడికి వెళుతోంది. మాట కాస్త ముద్దగా ఉంటుంది గాని, నాతో తగువు పెట్టుకునేంత మాట్లాడుతుంది.

ఇక్కడ మనందరికీ సంబంధించిన సంగతి ఒకటి ఉంది. "ఆగుదాం" అనే మాట ఇళ్లలో సాధారణంగా అనేది ఎవరు? పెద్దవాళ్లం, మనమే. కోడలికి అనుమానం వచ్చినా మామగారు "మా వంశంలో మాటలు ఆలస్యమమ్మా" అంటే ఆ అమ్మాయి నోరు మూసుకుంటుంది. ఆలస్యంగా మాటలు వచ్చే పిల్లలూ ఉంటారు, కాదనను. అయితే వినపడి ఆలస్యమవుతోందో, వినపడక ఆలస్యమవుతోందో చూడకుండా తేల్చడం మన వల్ల కాదు. పరీక్షలో బాగానే ఉందని వస్తే పోయేది బస్సు చార్జీలే.

ఆరోగ్యశ్రీ మన ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైంది. లక్షల ఖరీదైన ఈ ఇంప్లాంట్‌ను పేద పిల్లలకు అందుబాటులోకి తెచ్చినవాటిలో అదొకటి. దానికి వయోపరిమితి ఉంది, వయస్సు దాటితే కార్డు చేతిలో ఉన్నా ప్రయోజనం లేదు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి రావాలి. వాళ్లు చూసే జబ్బుల జాబితాలో వినికిడి లోపం ఉంది. అనుమానం ఉన్న పిల్లల్ని డీఈఐసీ అనే జిల్లా కేంద్రానికి పంపుతారు. హైదరాబాదు కోఠీలో ప్రభుత్వ ఈఎన్టీ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థవారి ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ సంస్థ 1983లో బొంబాయిలో స్థాపించారు. పేరు మాత్రం మన హైదరాబాదీదే. అలీ యావర్ జంగ్ ఉస్మానియా వైస్ ఛాన్సలరుగా చేసి, తరువాత మహారాష్ట్ర గవర్నరుగా ఉన్నారు.

మన తెలుగువారిలో మేనరికాల సంగతి కూడా చెప్పక తప్పదు. మేనమామకూ, మేనబావకూ ఇచ్చి చేసుకోవడం మనకు అలవాటు. పుట్టుచెవుడు కొంత వంశపారంపర్యంగా వస్తుంది. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ బాగానే వినపడుతుంది, కానీ ఇద్దరి రక్తంలోనూ ఒకే లోపపు జన్యువు దాగి ఉంటుంది. ఆ రెండూ కలిసిన బిడ్డకు చెవుడు వస్తుంది. కనెక్సిన్ 26 అనే జన్యువుకు ఇందులో పెద్ద పాత్ర ఉందని 1997లో కనుగొన్నారు. దగ్గర సంబంధాలలో ఒకే జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. మేనరికం చేసుకున్నవారందరికీ ఇలా అవుతుందని నేను అనడం లేదు, ఈ సభలోనే ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. ఆ ఇళ్లలో బిడ్డ పుడితే మొదటి నెలలోనే చెవి పరీక్ష చేయించండి, అంతే. సంబంధాలు కుదిర్చే పెద్దలు మాత్రం ఒకసారి ఆలోచించండి.

మిగతా కారణాలు చాలా ఉన్నాయి, త్వరగా చెబుతాను. గర్భిణికి రుబెల్లా సోకడం ఒకటి. దీనికి టీకా ఉంది, మన రాష్ట్రంలో 2017 ఆగస్టులో పెద్ద ఎత్తున వేశారు. బరువు తక్కువగా పుట్టడం, పుట్టగానే కామెర్లు ముదరడం, మెనింజైటిస్. గవదబిళ్లల తరువాత ఒక చెవి పూర్తిగా పోవచ్చు, ఆ పిల్లవాడు ఫోను ఎప్పుడూ ఒకే చెవికి పెట్టుకుంటాడు. మన ఏజెన్సీలో మలేరియా పాత చుట్టం. ఆ జ్వరం మెదడుకెక్కి బతికి బయటపడిన పిల్లలకు వినికిడి చూడాలి. క్వినైన్ వాడినప్పుడు చెవుల్లో హోరు రావడం మన తరంవారికి గుర్తుండే ఉంటుంది, అది సాధారణంగా మందు ఆపితే తగ్గుతుంది. క్షయకు వేసిన స్ట్రెప్టోమైసిన్, కనామైసిన్ సూదులతో పోయిన వినికిడి మాత్రం తిరిగి రాదు.

బడి పిల్లల్లో ఎక్కువగా చూసేది చెవి కారడం. చీము కారే చెవిలో ఆకుపసరు, కిరసనాయిలు, కాచిన నూనె పోసేవాళ్లను నేను స్వయంగా చూశాను. దయచేసి పోయవద్దు. చెవిపొర చిల్లు, జలుబుతో లోపల చేరిన నీరు, గూబిలి గడ్డకట్టడం, ఇవన్నీ చాలావరకు బాగుచేయగలిగినవే. ఇవి టపా మోసే జవాను జబ్బులు. లోపలి చెవిలో సన్నని వెంట్రుకల కణాలుంటాయి, అవి ఇన్‌వార్డు గుమాస్తాలు. వాళ్లు రిటైరైతే ఆ పోస్టులు భర్తీ కావు. అక్కడ యంత్రమే దారి.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. చుట్టుపక్కల గూడేల నుంచి వచ్చే పిల్లలకు ఇంట్లో కోయ భాష. బడిలో తెలుగు. ఒకటో తరగతిలో పిల్లవాడు మాట్లాడకుండా కూర్చుంటే, భాష రాక కూర్చున్నాడో, వినపడక కూర్చున్నాడో పంతులుగారికి తెలియదు. "మందమతి" అని రాసేస్తారు. లేదా "కోయపిల్లవాడు కదా, మెల్లగా నేర్చుకుంటాడు" అని వదిలేస్తారు. రెండూ తప్పే. తల్లిని పిలిపించి, పిల్లవాడి వెనుక నిలబెట్టి, వాళ్ల భాషలోనే మామూలు గొంతుతో పిలవమనాలి. దానికీ తిరగకపోతే ముందు చెవి చూడాలి. మన సంఘంలో రిటైరైన టీచర్లు పదిమంది దాకా ఉన్నారు, ఈ మాట బడుల్లో చెప్పవలసింది వారే.

చెవిటి పిల్లలంటే జీవితం అయిపోయినట్లు మాట్లాడేవారికి ఒక మాట. పుట్టుకతో వినికిడి లోపం ఉన్న సికింద్రాబాదు కుర్రవాడు ధనుష్ శ్రీకాంత్, 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిర ఒలింపిక్స్‌లో రైఫిల్ షూటింగ్‌లో బంగారు పతకం తెచ్చాడు. అదే పోటీల్లో కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రీన్ టెన్నిస్‌లో కాంస్యం గెలిచింది. యంత్రంతో మాట నేర్చినవారు కొందరు, సైగల భాషతో చదువుకున్నవారు కొందరు. సైగల భాష కూడా భాషే. ఏ దారి అయినా తొందరగా మొదలుపెట్టాలి.

ఇప్పుడు మన సంగతి. వయస్సుతో ముందుగా పోయేవి సన్నని శబ్దాలు. అచ్చులు లావుగా ఉంటాయి, వినపడతాయి. హల్లులు సన్నగా ఉంటాయి, జారిపోతాయి. అందుకే "వినపడుతోంది గాని ఏమంటున్నారో తెలియడం లేదు" అంటాం. మొన్నొక మిత్రుడిని బ్యాంకు దగ్గర "పెన్షన్ పడిందా?" అని అడిగితే, "టెన్షన్ ఎందుకు పడతానండీ, నేను బాగానే ఉన్నాను" అన్నాడు. కాలు, పాలు, తాలు ఆయనకు ఒకటే మాట. మిగిలినదంతా పెదవులు చూసి, సందర్భం చూసి పూరించుకుంటాడు. తెలివైనవాడైతే పదేళ్లు అలా నెట్టుకురాగలడు.

కాబట్టి ఇంట్లోవాళ్లు ఏమి చూడాలి? టీవీ శబ్దం మెల్లగా పెరుగుతూ పోతుంది. ఇద్దరి మధ్య మాట బాగానే సాగుతుంది, నలుగురు చేరితే మౌనం. జోకుకు అందరూ నవ్వాక ఒక క్షణం ఆగి నవ్వుతారు. "ఈకాలం పిల్లలు గొణుగుతారు, నోరు విప్పి మాట్లాడరు" అనే ఫిర్యాదు ఎక్కువవుతుంది. ఫోను కొడుకు చేతికో కోడలి చేతికో ఇచ్చేస్తారు. భజనకు వెళ్లడం మానేస్తారు, పెళ్లికి వెళితే భోజనం చేసి తొందరగా వచ్చేస్తారు. ఇంట్లోవాళ్లు దీన్ని అహంకారం అనుకుంటారు, చాదస్తం అనుకుంటారు. ఇంకా పెద్ద వయస్సయితే మతి తప్పిందంటారు. అడిగినదానికి సంబంధంలేని జవాబు చెబితే మతి అని తీర్మానించే ముందు చెవి చూపించండి. వినికిడి లోపాన్ని పట్టించుకోకపోతే మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం కూడా పెరుగుతుందని లాన్సెట్ పత్రిక వైద్యుల సంఘం 2024లో చెప్పిన పద్నాలుగు కారణాలలో ఇదొకటి.

ఆడవాళ్ల చెవుడు ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. మగవాడికి పలికేవాళ్లు, అరిచేవాళ్లు ఇంట్లో ఉంటారు. ఆవిడ మాత్రం అన్నిటికీ "ఊఁ" అని సర్దుకుపోతుంది. నేనైతే కుక్కర్ చూడమంటాను. ముప్పయ్యేళ్లుగా మూడు కూతలకు స్టవ్ ఆపిన మనిషి పప్పు మాడుస్తోందంటే ధ్యాస తగ్గిందని విసుక్కోకండి. కుక్కర్ కూత సన్నని శబ్దం. అది ఆవిడకు చేరడం లేదేమో చూడండి.

ఇంకొక విచిత్రం. మెల్లగా చెబితే వినపడదు, గట్టిగా చెబితే "ఎందుకలా అరుస్తావు?" అంటారు. ఇది మొండితనం కాదు, లోపలి చెవి జబ్బు స్వభావమే అది. చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దం భరించలేనంతగా తగులుతుంది. అందుకని అరవకండి. ఎదురుగా వచ్చి, వెలుతురులో మొహం కనపడేలా నిలబడి, కాస్త నిదానంగా చెప్పండి.

ఫ్యాక్టరీల్లో, బొగ్గు గనుల్లో, రంపపు మిల్లుల్లో పనిచేసి వచ్చినవారు మన చుట్టుపక్కల వందల ఇళ్లలో ఉన్నారు. యంత్రాల హోరులో వచ్చే చెముడు వృత్తి వ్యాధి, ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బు. ఇప్పుడు పనిలో ఉన్న మీ పిల్లలు చెవి రక్షణ తొడుగులు పెట్టుకుంటున్నారో లేదో ఇంట్లో అడగండి. పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టెల ముందు మనవణ్ని భుజంమీద ఎక్కించుకుని నిలబడవద్దని కూడా మనవి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. రాత్రి బాగా ఉండి ఉదయం లేచేసరికి ఒక చెవి హఠాత్తుగా పోతే, గూబిలి అనుకుని వారం చూడకండి. ఆ రోజే ఈఎన్టీ డాక్టరు దగ్గరకు వెళ్లండి. మొదటి కొద్ది రోజుల్లో మందు పడితే తిరిగి వచ్చే అవకాశం ఉంది, తరువాత తగ్గిపోతుంది.

యంత్రం పెట్టుకున్న మొదటి వారం నాకు నచ్చలేదు. పేపరు తిప్పితే రేకు చప్పుడు, నా చెప్పులే నా వెనుక ఎవరో వస్తున్నట్లు. మెదడు ఆ శబ్దాలను మరిచిపోయి ఉంటుంది, మళ్లీ అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు కాబట్టి తీసి బీరువాలో పెట్టలేదు. చాలామంది యంత్రాలు బీరువాల్లోనే ఉన్నాయి. పరీక్ష లేకుండా ప్రకటన చూసి తెప్పించుకునే చవక యంత్రాలు అన్ని శబ్దాలనూ ఒకే తీరున పెంచుతాయి. గ్రాఫు చూసి సరిచేసి ఇచ్చేది వేరు. వినికిడి యంత్రానికి జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే అడగండి. పేద వృద్ధులకు ఉపకరణాలిచ్చే రాష్ట్రీయ వయోశ్రీ పథకం 2017లో మన నెల్లూరులోనే ప్రారంభమైంది, వినికిడి యంత్రాలు అందులో ఉన్నాయి. వికలాంగ ధ్రువపత్రానికి చట్టం ప్రకారం రెండు చెవులకూ కనీసం 60 డెసిబెల్స్ లోపం ఉండాలి. మనలో చాలామందికి అంత ఉండదు గనుక ఆ ఆశతో పరీక్ష వాయిదా వేయవద్దు.

చివరగా మన ఊరి సంగతి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే వేస్తారు. 1986లో 75 అడుగులు దాటిన వరద తరువాత అంత నీరు మళ్లీ అప్పుడే చూశాం. మన బూర్గంపాడు మండలంలో లోతట్టు కాలనీలను ఖాళీ చేయించారు. కబురు ఎలా వచ్చింది? ఆటోకు మైకు కట్టి. నాకు తెలిసిన ఒక పెద్దాయన ఒంటరిగా ఉంటాడు. వాన హోరులో ఆ మైకు ఆయనకు అసలు వినపడలేదు. పక్కింటి కుర్రాడు తలుపు నెట్టి లోపలికి వచ్చి భుజం పట్టి లేపితే గాని లేవలేదు. ఆ కుర్రాడు ఆ రోజు ఊళ్లో ఉండటం ఆయన అదృష్టం.

అందుకని కార్యదర్శిగారి అనుమతితో ఒక రిజిస్టరు తెరిచాను, ఈ బల్లమీదే ఉంది. వినికిడి తగ్గినవారు, ముఖ్యంగా ఒంటరిగా గాని, ఇద్దరూ వృద్ధులే గాని ఉన్న ఇళ్లవారు, పేరు, వీధి, ఇంటి నంబరు, పక్కింటివారి ఫోను నంబరు రాయించండి. సభ్యులు కానివారివి కూడా రాస్తాం. వానాకాలం రాకముందే ఒక ప్రతి తహసీల్దారుగారి కార్యాలయంలో, ఒక ప్రతి పంచాయతీలో ఇచ్చి ఇన్‌వార్డు నంబరు వేయించుకుని వస్తాను. సొంతంగా రాయించుకోవడానికి మొహమాటపడేవారి పేర్లు వారి ఇంట్లోవాళ్లు రాయించవచ్చు. మొదటి పేరు నాదే రాశాను. రెండో వరుస ఖాళీగా ఉంది, కలం రిజిస్టరుకు దారంతో కట్టి ఉంచాను.